గాలిలో చోటు కోసం జరిగిన తగవే అమెరికా ప్రసారాల చరిత్ర

సంపాదకుల వారికి,

అమెరికాలో రేడియో, టెలివిజన్ తొలిరోజుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. ఫొటోలు బాగున్నాయి. కానీ వ్యాసమంతా "మొదట కనిపెట్టింది ఎవరు" అన్న లెక్కలోనే నడిచింది. 1920లో పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ రేడియో స్టేషన్ పుట్టింది, ఇంటింటికీ రేడియో వచ్చేసింది, ఫార్న్స్‌వర్త్ టీవీ కనిపెట్టాడు, ఆ తర్వాత రంగులొచ్చాయి అని వరసగా చెప్పుకుంటూ పోయారు. ప్రసార ఇంజనీరింగ్‌లో పనిచేసే మాబోటి వాళ్లకు అసలు కథే జారిపోయిందనిపించింది. అందరూ ఒకేసారి మాట్లాడాలనుకుంటే గాలిలో ఎవరికెంత చోటివ్వాలి? ఈ తగవు తీర్చుకుంటూ పోవడంలోనే అక్కడి ప్రసార వ్యవస్థకు ఆ రూపం వచ్చింది. స్టేషన్ల పేర్ల దగ్గర్నుంచి తెర మీది గీతల సంఖ్య దాకా ఆ తగవు జాడలు కనిపిస్తాయి.

ముందుగా కేడీకేఏ సంగతి. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో చార్లెస్ హెరాల్డ్ 1909 నుంచే మాటలు, పాటలు గాలిలోకి పంపేవాడు. డెట్రాయిట్‌లో ఒక దినపత్రిక నడిపిన 8ఎంకే స్టేషన్ 1920 ఆగస్టు 20నే ప్రసారాలు మొదలుపెట్టింది. నవంబర్ 2న హార్డింగ్, కాక్స్ పోటీపడిన అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చదివిన కేడీకేఏ ప్రత్యేకత వేరే ఉంది. వెస్టింగ్‌హౌస్ కంపెనీలో పనిచేసే ఫ్రాంక్ కాన్రాడ్ తన గ్యారేజీ నుంచి రికార్డులు వేస్తుంటే వినేవాళ్లు పెరిగారు. ఆ ప్రసారాలు వినడానికి సెట్లు అమ్ముతామని 1920 సెప్టెంబర్ 29న ఊళ్లోని ఒక పెద్ద దుకాణం ప్రకటన వేసింది. దాంతో కంపెనీ కళ్లు తెరుచుకున్నాయి. సెట్లు అమ్ముడుపోవాలంటే రోజూ ఏదో ఒకటి వినిపిస్తూ ఉండాలి. ఈస్ట్ పిట్స్‌బర్గ్ ఫ్యాక్టరీ మేడ మీద ఒక చిన్న గది కట్టి, 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ పెట్టి, సరదాకు నడిపేవాళ్లకిచ్చే అమెచ్యూర్ లైసెన్సు కాకుండా వాణిజ్య లైసెన్సు తీసుకుని మొదలెట్టారు. "మొదటి స్టేషన్" అన్న మాట దగ్గర తగవులు ఎప్పటికీ తెగవు కాబట్టి దాన్ని అక్కడే వదిలేద్దాం.

అప్పటికి అమలులో ఉన్నది 1912 నాటి రేడియో చట్టం. టైటానిక్ మునిగిన ఏడాదే వచ్చింది, ఓడల కోసం రాసింది. ఇల్లు కదలకుండా జనం పాటలు వింటారన్న ఊహ అందులో ఎక్కడా లేదు. అందుకే 1921 డిసెంబర్ నుంచి వాణిజ్య శాఖ ప్రసార స్టేషన్లకు సర్దుబాటుగా ఒకే ఒక్క చోటిచ్చింది: తరంగం పొడవు 360 మీటర్లు, అంటే ఫ్రీక్వెన్సీ 833 కిలోహెర్ట్జ్. వాతావరణం, పంటల ధరలు చదవాలంటే 485 మీటర్లకు మారాలి. దేశంలో ఉన్న స్టేషన్లన్నీ ఆ ఒక్క తరంగం మీదే! 1922 ముగిసేసరికి అవి ఐదు వందలు దాటాయి. ఒకే ఊళ్లో ఉన్నవాళ్లు కూర్చుని గంటల లెక్కన వాటాలు వేసుకున్నారు. షికాగోలో సోమవారం రాత్రి స్థానిక స్టేషన్లన్నీ నోరు మూసుకునేవి, దూరపు స్టేషన్లు పట్టుకునే సరదా ఉన్నవాళ్ల కోసం. 1922లోనే 400 మీటర్ల మీద రెండో తరగతి ఒకటి తెరిచారు. దానికి కనీసం 500 వాట్లు ఉండాలి, గ్రామఫోన్ రికార్డులు వేయకూడదు. సొంతంగా గాయకుల్ని పిలిపించగల డబ్బున్నవాళ్లకే మంచి చోటు దక్కేలా పెట్టిన నిబంధన అది.

ఒకే తరంగం మీద రెండు స్టేషన్లుంటే ఏమవుతుందో మీ వ్యాసం "గందరగోళం" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. నిజానికి అది రెండు మాటలు కలిసిపోయి వినిపించడం కాదు. ఒక స్టేషన్ 833 మీద, ఇంకొకటి 834.2 మీద ఉన్నాయనుకోండి. సెట్‌లో ఆ రెండు క్యారియర్లు (మాటను మోసుకొచ్చే మూల తరంగాలు) కలిసి వాటి తేడా అయిన 1,200 హెర్ట్జ్ ఈల పుడుతుంది. రెండో స్టేషన్‌లో మాట్లాడేది ఒక్క ముక్క వినపడనంత దూరంలో ఉన్నా దాని క్యారియర్ మాత్రం ఈల వేయడానికి సరిపోతుంది. రాత్రయ్యేసరికి అయనోవరణం (ఆకాశంలో పైనుండే విద్యుదావేశపు పొర) తరంగాల్ని వెనక్కి పంపడంతో వందల మైళ్ల అవతలి స్టేషన్లు కూడా ఈ గోలలో చేరేవి. పైగా ఆనాటి ట్రాన్స్‌మిటర్లలో డోలనాలు పుట్టించే వాల్వునే (గాలి తీసేసిన గాజు గొట్టం) నేరుగా ఏరియల్‌కు కలిపేవారు. గాలికి ఏరియల్ తీగ ఊగితే దాని కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలవచేసే గుణం) మారుతుంది, దాంతోపాటు ఫ్రీక్వెన్సీ కూడా జరుగుతుంది. అంటే ఈల స్థిరంగా కూడా ఉండదు, పైకీ కిందికీ జారుతూ ఊళ పెట్టినట్టుంటుంది.

ఇది చాలదన్నట్టు వినేవాళ్ల సెట్లే చిన్న ట్రాన్స్‌మిటర్లయ్యేవి. గలీనా రాయి, సన్నటి తీగ మొనతో చేసిన క్రిస్టల్ సెట్‌తో ఈ బెడద లేదు. కానీ అది ఊళ్లోని స్టేషన్ వరకే, అదీ హెడ్‌ఫోన్‌లో. దూరపు స్టేషన్ కావాలంటే ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1914లో పేటెంటు పొందిన రీజనరేటివ్ సర్క్యూట్ కావాలి. ఒక్క వాల్వుతో, దాని ప్లేటు (శక్తి బయటికొచ్చే కొన) నుంచి వచ్చే శక్తిలో కొంత టిక్లర్ అనే తీగచుట్ట ద్వారా తిరిగి గ్రిడ్‌కే (సిగ్నల్ లోపలికెళ్లే కొన) ఇవ్వడం దాని కిటుకు. టిక్లర్‌ను నెమ్మదిగా తిప్పుతూ పోతే ధ్వని పెరుగుతూ వస్తుంది, ఒక చోట "టప్" మని చిన్న చప్పుడు వినిపిస్తుంది, అక్కడి నుంచి వాల్వు తనంతట తనే డోలనం మొదలుపెడుతుంది. ఆ అంచుకు వెంట్రుకవాసి ముందు ఆపితే సెట్ పనితనం శిఖరంలో ఉంటుంది. అక్కడ ఆపే ఓపిక ఎందరికుంటుంది? చాలామంది కావాలనే అంచు దాటించి, ఈల వినిపించే చోటు పట్టుకుని, ఆ ఈల సన్నగిల్లి మాయమయ్యేదాకా డయల్ తిప్పి, అప్పుడు టిక్లర్ వెనక్కి తీసేవారు. స్టేషన్ వెతకడానికి అది సులువైన పద్ధతే. కాకపోతే ఆ నిమిషమంతా వాళ్ల ఏరియల్ నుంచి వెలువడే తరంగం వీధి వీధంతా ఉన్న సెట్లలో కూత పెడుతుంది. టిక్లర్ సర్క్యూట్‌ను నేరుగా ఏరియల్‌కే కలిపిన చౌక సెట్లు ఇందులో అందరికన్నా పెద్ద దోషులు.

దీనికి విరుగుడు 1923లో లూయీ హేజెల్‌టైన్ తెచ్చిన న్యూట్రోడైన్ సర్క్యూట్. వాల్వులో గ్రిడ్‌కూ ప్లేటుకూ మధ్య సహజంగా ఉండే కెపాసిటెన్స్ ద్వారా శక్తి వెనక్కి కారిపోవడం వల్లే డోలనం పుడుతుంది. అంతే పరిమాణంలో, వ్యతిరేక దిశలో, ఒక బుల్లి కండెన్సర్ ద్వారా ఇంకొంత శక్తిని పంపి ఆ కారడాన్ని రద్దు చేశాడాయన. కాయిల్స్ ఒకదాన్నొకటి ప్రభావితం చేయకుండా మూడింటినీ 54.7 డిగ్రీల వాలులో బిగించేవారు. ఆ కోణం తప్పితే సర్క్యూట్ ఎంత బాగా కట్టినా సెట్ మళ్లీ కూయడం మొదలెట్టేది. ఇందులో డయళ్లు మూడు. మూడూ ఒకే స్టేషన్ మీద నిలిస్తేనే శబ్దం. అందుకే ఏ స్టేషన్‌కు ఏ అంకెలో కాగితం మీద రాసుకుని సెట్ పక్కనే పెట్టుకునేవారు.

వ్యాసంలో ఇంకో మాట ఉంది, "ప్లగ్ పెట్టగానే పాట" అని. 1927కు ముందు చాలా సెట్లకు ప్లగ్ ఎక్కడిది? ఐదు వాల్వుల సెట్ అంటే ఐదు 201ఏ వాల్వులు, ఒక్కోదాని ఫిలమెంట్‌కు 5 వోల్టులు, పావు ఆంపియరు. మొత్తం 1.25 ఆంపియర్లు. 80 ఆంపియర్-అవర్ల కారు బ్యాటరీ పెడితే లెక్క ప్రకారం 64 గంటలు. ఆ తర్వాత దాన్ని మోసుకెళ్లి చార్జింగ్ చేయించాలి. ఇవి కాక ప్లేట్ల కోసం 45 వోల్టుల పొడి బ్యాటరీలు రెండు. ఆ 90 వోల్టుల తీగ పొరపాటున ఫిలమెంట్ వైపు తగిలిందా, ఐదు వాల్వులూ ఒక్క మెరుపుతో పోయేవి. ఆమ్లం ఒలికి తివాచీలు కాలేవి కూడా. ఎలక్ట్రాన్లు వెలువరించే క్యాథోడ్‌ను ఫిలమెంట్‌తో కలపకుండా విడిగా పెట్టి వేడిచేసే 227 వంటి వాల్వులు వచ్చాకే కరెంటు సెట్లు హమ్ (కరెంటు రొద) లేకుండా పలికాయి.

సరే, తగవు దగ్గరికి వద్దాం. 1923 మే నుంచి 550 మొదలు 1,350 కిలోహెర్ట్జ్ దాకా పదేసి కిలోహెర్ట్జ్ దూరంలో స్టేషన్లను పంచారు. పంపకం వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ చేతిలో ఉంది. కానీ లైసెన్సు అడిగినవాళ్లకు లేదనే హక్కు చట్టం ఆయనకివ్వలేదు. షికాగోలోని జెనిత్ కంపెనీ స్టేషన్ డబ్ల్యూజేఏజెడ్‌కు 930 కిలోహెర్ట్జ్ మీద వారానికి రెండే గంటలు దక్కాయి, గురువారం రాత్రి పది నుంచి పన్నెండు దాకా. వాళ్లు విసిగిపోయి, కెనడాకు వదిలిన 910 మీదకు గెంతారు. ప్రభుత్వం కేసు పెట్టింది, 1926 ఏప్రిల్‌లో ఓడిపోయింది. ఫ్రీక్వెన్సీ నిర్ణయించే అధికారం మంత్రికి లేదని తేలాక ఇక ఎవడికి వాడే రాజు. ఇష్టమొచ్చిన చోటికి జరిగారు, పవర్ పెంచారు. నెలల వ్యవధిలో స్టేషన్లు ఏడు వందలు దాటాయి. 1927 ఫిబ్రవరి 23న కొత్త చట్టం, ఐదుగురు సభ్యుల ఫెడరల్ రేడియో కమిషన్ వచ్చాయి. 1928 నవంబర్ 11న దేశంలో చాలా స్టేషన్ల చోటు ఒకేసారి మారింది. మొత్తం 96 చానళ్లలో 40ని దూరప్రాంతాలకు వినిపించే పెద్ద స్టేషన్లకు కేటాయించారు. ఐదు మండలాలకు తలా ఎనిమిది. విశ్వవిద్యాలయాలు నడిపే చిన్న స్టేషన్లకు పగటిపూట మిగిలిన గంటలే గతి. ఒకే కార్యక్రమాన్ని అనేక స్టేషన్లకు పంపే పెద్ద నెట్‌వర్కులు గట్టిపడింది ఈ పంపకంతోనే. అమెరికా రేడియో వాణిజ్యపరం కావడానికి ఒక్క ప్రకటనలే కారణమన్న మీ వ్యాసకర్త మాటను మేం ఒప్పుకోలేం. ప్రకటనలు 1922 ఆగస్టులోనే వచ్చాయి. న్యూయార్క్ డబ్ల్యూఈఏఎఫ్‌లో జాక్సన్ హైట్స్ అపార్ట్‌మెంట్ల గురించి 50 డాలర్లిచ్చి మాట్లాడించారు. దాన్ని స్థిరమైన వ్యాపారంగా మార్చింది మాత్రం మంచి చానళ్లు కొద్దిమంది చేతిలో పడటమే.

ఈల బెడద తీరింది చట్టంతో కాదు, ఎప్పుడూ ఒకే వేగంతో కంపించే క్వార్ట్జ్ పలకతో. స్ఫటికాన్ని ఒకే వేడిలో ఉంచే చిన్న పెట్టెలో పెట్టి ట్రాన్స్‌మిటర్‌ను దానికి కట్టేశారు. 1932 నుంచి స్టేషన్లు తమ ఫ్రీక్వెన్సీకి 50 హెర్ట్జ్ మించి అటూఇటూ కదలకూడదన్నారు. రెండు స్టేషన్లు చెరో వైపుకు 50 జరిగినా తేడా 100 హెర్ట్జే. అంత లోతైన ధ్వనిని ఆనాటి స్పీకర్లు సరిగ్గా పలికించలేవు, కాబట్టి ఈల ఉన్నా లేనట్టే.

డల్లాస్ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లకు ఒక సంగతి: మిసిసిపీకి పడమర స్టేషన్ల పేర్లు "కే"తో మొదలవ్వాలి కదా, మరి డబ్ల్యూబీఏపీ, డబ్ల్యూఎఫ్ఏఏ అక్కడికెలా వచ్చాయి? అవి 1922లో పుట్టాయి. అప్పటి సరిహద్దు టెక్సస్‌కు పడమటి అంచున ఉండేది. 1923 జనవరిలో దాన్ని మిసిసిపీకి జరిపారు, పాత పేర్లు పాతవాళ్లకే ఉంచేశారు. కేడీకేఏ కథ వేరు. 1920 ప్రాంతంలో కొద్దికాలం పాటు ఓడలకు, భూమి మీది కేంద్రాలకు తేడా లేకుండా "కే"తో వరసగా ఇచ్చుకుంటూ పోయిన పేర్లలో అదొకటి.

టీవీ దగ్గర ఈ చోటు సమస్య ఇంకా ముదిరింది. రంధ్రాలున్న పళ్లెం తిప్పి, ఒక్కో రంధ్రంతో బొమ్మలో ఒక్కో గీత చదివించే జెంకిన్స్ టీవీ "ఆటబొమ్మ కాబట్టి" పోయిందని మీ వ్యాసంలో రాశారు. 1928 జూలైలో వాషింగ్టన్ ప్రాంతం నుంచి ప్రసారాలు మొదలెట్టినప్పుడు పళ్లేనికి 48 రంధ్రాలు, సెకనుకు 15 బొమ్మలు. తర్వాత 60 గీతలు, 20 బొమ్మలకు చేరారు. లెక్క వేయండి: గీతకు 72 చుక్కలనుకుంటే 60 ఇంటూ 72 ఇంటూ 20, అంటే సెకనుకు 86,400 చుక్కలు. రెండు చుక్కలకు ఒక సైకిల్ చొప్పున 43.2 కిలోహెర్ట్జ్. క్యారియర్‌కు రెండు వైపులా అంతే చోటు కావాలి కనుక 86.4. అప్పట్లో ఒక్కో టీవీ చానల్‌కు ఇచ్చింది 100 కిలోహెర్ట్జ్, అంటే పది రేడియో స్టేషన్ల చోటు. దానిలో గోరంత బొమ్మకు మించి పట్టదు. పైగా ఇచ్చింది 2, 3 మెగాహెర్ట్జ్ మధ్య. రాత్రిపూట నేల మీదుగా వచ్చిన తరంగం, ఆకాశం నుంచి తిరిగొచ్చిన తరంగం రెండూ చేరి ఒక మొహం పక్కన ఇంకో మొహం కనిపించేది. స్టేషన్‌కూ ఇంటికీ కరెంటు ఒకే గ్రిడ్ నుంచి రాకపోతే మోటార్ల వేగం కలవక బొమ్మ పక్కకు జారిపోయేది. గీతలు పెంచాలంటే ఇంకా చోటు కావాలి, ఆ బ్యాండులో చోటు లేదు. పళ్లెం టీవీ పోవడానికి ఇదీ పెద్ద కారణమే.

1927 సెప్టెంబర్ 7న శాన్ ఫ్రాన్సిస్కోలో ఫార్న్స్‌వర్త్ ఎలక్ట్రానిక్ గొట్టంతో ఒక గీతను పంపిన మాట నిజం. ఆ గొట్టంలో వెలుతురును నిలవచేసే ఏర్పాటు లేదు. ఏ క్షణానికి ఏ చుక్కను చదువుతోందో ఆ చుక్క వెలుగే దానికి ఆధారం, మిగతా వెలుగంతా వృథా. అందుకే స్టూడియోలో కళ్లు మిరుమిట్లు గొలిపే దీపాలు పెట్టాలి. ఆర్‌సీఏ కంపెనీ ఇంజనీరు జ్వోరికిన్ చేసిన ఐకనోస్కోప్ కెమెరా గొట్టం ప్రతి చుక్కలోనూ చార్జిని పోగేసుకుంటుంది కనుక అది స్టూడియోలో నిలబడింది. పేటెంటు తగవులో గెలిచింది మాత్రం ఫార్న్స్‌వర్త్. 1939లో ఆర్‌సీఏ ఆయనకు డబ్బు కట్టింది.

1941లో టీవీ బొమ్మకు ఖరారైన 525 గీతలకు కూడా కారణముంది. ఒక్కో బొమ్మను రెండు విడతలుగా గీస్తారు. బేసి సంఖ్య అయితేనే రెండు విడతల గీతలు ఒకదాని సందులో ఒకటి కుదురుతాయి. 525 అంటే 3, 5, 5, 7ల లబ్ధం. సెకనుకు గీసే గీతలకు రెట్టింపైన 31,500 హెర్ట్జ్‌ను ఆ నాలుగు అంకెలతో వరసగా భాగిస్తే సరిగ్గా 60 వస్తుంది. ఆనాటి వాల్వు డివైడర్లు ఏడుకు మించి భాగిస్తే నిలకడగా ఉండేవి కావు. సెకనుకు 60 విడతలు ఎందుకంటే అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. హమ్ వల్ల పడే నల్లటి చార తెర మీద పాకకుండా ఒకచోట నిలుస్తుంది. మన కరెంటు 50 కాబట్టి అనలాగ్ రోజుల్లో మనకు 625 గీతలుండేవి. అవి ఐదును నాలుగుసార్లు గుణించిన లబ్ధం.

ఒక్క చానల్‌కు 6 మెగాహెర్ట్జ్ కావాలి. మొత్తం మీడియం వేవ్ రేడియో బ్యాండ్ అప్పటికి ఒక మెగాహెర్ట్జ్ చిల్లర. అంత చోటు వెతుక్కుంటున్న రోజుల్లోనే, 1945లో ఎఫ్ఎం రేడియోను 42-50 నుంచి 88-108 మెగాహెర్ట్జ్‌కు పంపేశారు. ఎఫ్ఎం కనిపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ పదేళ్లు కష్టపడి జనానికి అలవాటు చేసిన సెట్లు మూలపడ్డాయి. ఆ ఖాళీలో ఇచ్చిన టీవీ ఒకటో చానల్‌ను 1948లో వెనక్కి తీసుకున్నారు. అమెరికా టీవీ డయళ్లు రెండుతో మొదలయ్యేది అందుకే.

డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ రెండు చోట్లా నాలుగో చానలే ఇచ్చారు. మధ్య దూరం 90 మైళ్లే. రెండు క్యారియర్ల తేడా వల్ల తెర మీద కిటికీ పట్టీల్లా అడ్డ చారలు. 1948 సెప్టెంబర్ 30న కొత్త స్టేషన్లకు అనుమతులు ఆపేశారు. ఆరు నెలలనుకున్నది 1952 ఏప్రిల్ 14 దాకా సాగింది. ఆ మూడున్నరేళ్లూ డెన్వర్, పోర్ట్‌లాండ్‌లలో ఒక్క స్టేషనూ లేదు. చివరికి పాత వీహెచ్ఎఫ్ చానళ్లలో (2 నుంచి 13 వరకు) ఒకే చానల్ వాడే స్టేషన్ల మధ్య కనీస దూరం 170 మైళ్లు, ప్రాంతాన్ని బట్టి ఇంకా ఎక్కువ అన్నారు. క్యారియర్లను కావాలనే 10 కిలోహెర్ట్జ్ పక్కకు జరిపి చారలు కంటికి ఆననంత సన్నగా చేశారు. కొత్తగా 14 నుంచి 83 వరకు ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న యూహెచ్ఎఫ్ చానళ్లు తెరిచారు. అయితే ఇళ్లలోని సెట్లలో ఆ ట్యూనరే లేదు. కన్వర్టర్ కొని తగిలిస్తే మంచు కురిసినట్టు బొమ్మ. యాంటెన్నా నుంచి దించిన బల్లపరుపు తీగ వానకు తడిస్తే సిగ్నల్ దారిలోనే హరించుకుపోయేది. అందరూ పాత వీహెచ్ఎఫ్ చానళ్లకే ఎగబడ్డారు. చాలా ఊళ్లలో అలాంటివి మూడు మించి లేకపోవడంతో నాలుగో నెట్‌వర్క్ డ్యూమాంట్ 1956కల్లా మూతపడింది. అన్ని సెట్లలో యూహెచ్ఎఫ్ ట్యూనర్ ఉండాలన్న చట్టం 1962లో గానీ రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఇక రంగులు. సీబీఎస్ నెట్‌వర్క్ వారి, రంగుల చక్రం తిప్పే పద్ధతి 1951లో కొన్ని నెలలే నడిచింది. అప్పటికే ఇళ్లలో ఉన్న సెట్లు ఆ సిగ్నల్‌ను నలుపు తెలుపులో కూడా చూపలేవు. 1953 డిసెంబర్ 17న ఒప్పుకున్న పద్ధతి రంగుల్ని పాత 6 మెగాహెర్ట్జ్‌లోనే ఇరికించింది. ధ్వని క్యారియర్ బొమ్మకు 4.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంది. రంగుల ఉప క్యారియర్‌తో అది కలిసి తెర మీద చుక్కల వల కనిపించేది. ధ్వనిని జరిపితే పాత సెట్లు మూగబోతాయి. అందుకని గీతల వేగాన్నే వెయ్యిలో ఒక వంతు తగ్గించి, 4.5 మెగాహెర్ట్జ్ దానికి సరిగ్గా 286 రెట్లయ్యేలా చేశారు. సెకనుకు 15,750 గీతలు కాస్తా 15,734.27 అయ్యాయి, సెకనుకు 30 బొమ్మలు కాస్తా 29.97 అయ్యాయి. రంగుల పద్ధతి, గీతల సంఖ్య, బొమ్మల వేగం మూడూ వేరు కావడం వల్లే ఒకప్పుడు అమెరికా నుంచి వచ్చిన పెళ్లి క్యాసెట్లు మన వీసీఆర్‌లో పెడితే బొమ్మ దొర్లిపోయేది, లేదంటే రంగుల్లేకుండా వచ్చేది.

అక్కడ పూర్తి పవర్ స్టేషన్ల అనలాగ్ టీవీ ప్రసారాలు 2009 జూన్ 12న ఆగిపోయాయి. 29.97 మాత్రం పోలేదు, హైదరాబాద్ ఎడిటింగ్ గదుల్లో నేటికీ తగులుతుంది. అమెరికా చానల్‌కు పంపే గంట కార్యక్రమాన్ని 30 బొమ్మల లెక్కన కడితే 108 బొమ్మలు, అంటే 3.6 సెకన్లు తేడా వస్తుంది. టైమ్‌కోడ్‌లో (ప్రతి బొమ్మకూ గంట, నిమిషం, సెకను లెక్కన వేసే నంబరు) డ్రాప్ ఫ్రేమ్ అనే పద్ధతి ఎంచుకుంటే, పదేసి నిమిషాలకోసారి తప్ప ప్రతి నిమిషం మొదట్లో రెండు అంకెలు వదిలేస్తుంది. పోయేది అంకెలే, బొమ్మలు కావు.

భవదీయులు,
ప్రసార ఇంజనీరింగ్‌లో పనిచేస్తున్న పాఠకులు,
సికింద్రాబాద్